నాయనమ్మ సంతకము

ధనమును ఆర్జించుట కష్టము. ఆర్జించినదానిని నిలుపుకొనుట అంతకంటెను కష్టము. కూలి చేసి బ్రతుకువారికి ఈ రెండవ కష్టము మఱింత బరువైనది. ధనవంతుడు పోగొట్టుకొనినది అతని మిగులులోనుండి పోవును. పేదవాడు పోగొట్టుకొనినది అతని కడుపులోనుండియో, బిడ్డల చదువులోనుండియో పోవును. కావున చిన్న మొత్తములను దాచుకొనువారే ఎక్కువ జాగరూకతతో చోటు వెదకికొనవలసియుందురు. కృష్ణా జిల్లాలో ఒక వృద్ధురాలు అట్టి చోటును ఎట్లు వెదకికొనెనో, అందుకొఱకు ఏమి నేర్చుకొనెనో తెలిసికొనదగినది.

మచిలీపట్టణమునకు సమీపముననున్న పెడన ప్రాంతము చేనేతకును, కలంకారీ అద్దకమునకును పేరు పొందినది. ఆ ప్రాంతమునందలి ఒక పల్లెలో నేతవారి యింటికి ఆమె కోడలుగా వచ్చినది. భర్త గుంటమగ్గముపై చీరలు నేయుచుండెను. ఆమె రాట్నముపై కండెలు చుట్టి అందించుచుండెను. ఆమె బడికి పోలేదు. అయినను లెక్కలో ఎన్నడును పొరపాటు పడియెరుగదు. ఎన్ని కండెలు చుట్టినది, ఎన్నింటికి కూలి ముట్టినది గోడపై బొగ్గుగీతలతో గుర్తుంచుకొనెడిది.

అంత జాగ్రత్తపరురాలి సొమ్మును రెండు పర్యాయములు పోయినది. ఒకమాఱు బయటివానిని నమ్ముటవలన పోయినది; మఱియొకమాఱు ఎవ్వరిని నమ్మకపోవుటవలన పోయినది.

మొదటిది చాల యేండ్ల క్రిందటి మాట. పట్టణమున ఒక వ్యాపారి దుకాణము తెఱచి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ ఇచ్చెదనని చాటించెను. ఇరుగుపొరుగువారు చేరిరి. ఆమెయు ఆఱువేల రూపాయలు ఇచ్చెను. పదునొకండు నెలలు నెలకు నూట యిరువది రూపాయల చొప్పున వడ్డీ తప్పకుండ వచ్చినది. పండ్రెండవ నెల వడ్డీకై వెళ్లినపుడు తలుపునకు తాళము వ్రేలాడుచుండెను. వచ్చిన వడ్డీ పదుమూడు వందల యిరువది; పోయిన యసలు ఆఱువేలు. ఆ నష్టమును ఆమె గోడపై గీయలేదు. అది మఱచిపోవునట్టి లెక్క కాదు.

ఆ దెబ్బ తగిలిన పిమ్మట ఆమె భర్త ఇక బయటివారి చేతికి పైకమీయరాదని నిశ్చయించుకొనెను. మిగిలిన సొమ్మును ఒక వెదురుబొంగులో దోపి, ఇంటికప్పులోని వాసముల నడుమ దానిని దాచెను. ఆ సంగతి భార్యకుగూడ చెప్పలేదు. చెప్పవలెనని తలచియే యుండవచ్చును. కాని 2015వ సంవత్సరమున అతడు ఆకస్మికముగా మరణించెను. మఱుసటి యేడు నవంబరు 8వ తేది రాత్రి, అప్పటి 500, 1000 రూపాయల నోట్లు ఇక చెల్లవని ప్రభుత్వము ప్రకటించినది. వానిని బ్యాంకులలో జమచేయుటకు 2016 డిసెంబరు 30వ తేది వఱకు గడువుండెను. ఆ దినములలో ఊరివారందఱును బ్యాంకుల యెదుట బారులు తీరిరి. ఆమె మాత్రము తనయొద్ద అట్టి నోట్లు లేవనుకొని నిశ్చింతగా కండెలు చుట్టుకొనుచుండెను.

2017 వేసవిలో కప్పు తాటాకు మార్పించుచుండగా వెదురుబొంగు నేలబడి పగిలెను. అందులోనుండి వేయిరూపాయల నోట్లు తొమ్మిది బయటపడినవి. అది పెక్కు నెలల కండెల కూలి. కుమారుడు వానిని చేతబట్టుకొని తల వంచుకొని, "అమ్మా, ఇవి ఇప్పుడు చెల్లవు" అనెను.

"ఎందుకు చెల్లవురా? గాంధీగారి బొమ్మ యున్నది గదా!" అని ఆమె అడిగెను. అతడు బదులు చెప్పలేకపోయెను. నోట్లలో చిఱుగు లేదు, మరక లేదు. భర్త వానిని దొంగనుండి కాపాడెను, వాననుండి కాపాడెను, కాలమునుండి కాపాడలేకపోయెను.

అయిదేండ్లు గడచినవి. ఇంటిలో నేయువారెవ్వరును లేకపోయిరి. కుమారుడు ఆటో నడుపుచుండెను. 2022వ సంవత్సరమున ఆమె మగ్గమును, దాని పరికరములను పదునెనిమిది వేల రూపాయలకు అమ్మివేసెను. ఆ సొమ్ము మనుమరాలి చదువునకని ఆమె సంకల్పము. అది చేతికి వచ్చిన రాత్రినుండి ఆమెకు నిద్రపట్టలేదు. పెట్టెలో దాచిన దొంగ భయము. మూటగట్టి దాచిన ఎలుక భయము. ఎవ్వరికైన ఇచ్చిన ఆ వడ్డీదుకాణపు తాళము కన్నులయెదుట నిలుచును.

కుమారుడు, "అమ్మా, నా పేర బ్యాంకు ఖాతా యున్నది గదా! అందులో వేసెదను. నీకు చదువు రాదు. ఆ తిప్పలు నీకేల?" అనెను. అతడు దురాశతో అనినమాట కాదు. తల్లి శ్రమపడరాదనియే అనెను. ఆమె కొంతసేపు ఆలోచించి యిట్లు చెప్పెను: "నాయనా, నీవు మంచివాడవే. కాని నీ ఖాతాలో నున్నపుడు నీ బండి చెడిపోయిన ఆ సొమ్ము బండికి పోవును. ఇంటిలో జబ్బు చేసిన మందులకు పోవును. అది వేఱొకదానికి దాచినదని ఎవ్వరికి గుర్తుండును?" కుమారుడు మాటాడలేదు. ఆ మాటలో తప్పు లేదని అతనికిని తెలియును.

మనుమరాలు అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒకనాడు సాంఘికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయిని బ్యాంకులనుగూర్చి పాఠము చెప్పెను. సాయంకాలము ఆ బాలిక ఇంటికి పరుగెత్తుకొని వచ్చి, "నాయనమ్మా, మగ్గము సొమ్మును నీ పేరనే బ్యాంకులో వేయుదము" అనెను.

నాయనమ్మ రాట్నము త్రిప్పుట ఆపకయే, "ఆ దుకాణమువాడును బల్ల వేసికొని, పుస్తకములు పేర్చుకొనియే కూర్చుండెను తల్లీ. వానికిని బ్యాంకునకును భేదమేమి?" అని అడిగెను.

బాలికకు సమాధానము తోచలేదు. మఱునాడు ఆ ప్రశ్నను ఉపాధ్యాయినికి చెప్పెను. ఉపాధ్యాయిని నవ్వలేదు. "సొమ్ము దాచుకొనువారందఱును మొదట అడుగవలసిన ప్రశ్న యిదియే. ఆదివారమునాడు మీ నాయనమ్మగారిని మా యింటికి పిలుచుకొని రమ్ము" అనెను.

ఆదివారమునాడు ముగ్గురును వరండాలో కూర్చుండిరి. ఉపాధ్యాయిని ఇట్లు వివరించెను: "మామ్మగారూ, భేదము బల్లలో లేదు; ఆ బల్ల వెనుకనున్న చట్టములో నున్నది. మన దేశమున బ్యాంకు నడుపువారికి రిజర్వు బ్యాంకు అనుమతి యుండవలెను. ఆ రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1వ తేదిన ప్రారంభమైనది. అది బ్యాంకుల లెక్కలను తనిఖీ చేయును, తప్పుచేసిన దండించును. మీ సొమ్ము తీసికొనిన వ్యాపారి కట్టి అదుపులో నుండెనా యని ఆనాడు ఎవ్వరును విచారింపలేదు."

"అయిన బ్యాంకులు ఎన్నడును చెడిపోవా?" అని వృద్ధురాలు అడిగెను.

"చెడిపోవునని చెప్పుటయే నిజము. 1906వ సంవత్సరమున మద్రాసులో ఆర్బత్‌నాట్ అను గొప్ప ఆంగ్లేయుల సంస్థ కూలిపోయినది. దాని ప్రతిష్ఠను నమ్మి సొమ్ము దాచుకొనిన కుటుంబములు అనేకములు నష్టపోయినవి. ఆ దెబ్బతో మేల్కొనిన మద్రాసు ప్రముఖులు 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడినది. దాని పిమ్మట ప్రభుత్వము చట్టము చేసి, 1962 జనవరి 1వ తేదినుండి బ్యాంకులలోని సొమ్మునకు బీమా కల్పించినది. మొదట ఆ బీమా ఒక్కొక్కరికి 1,500 రూపాయల వఱకే. 1993లో లక్ష రూపాయలకు పెరిగినది. 2020 ఫిబ్రవరి 4వ తేదినుండి అసలును వడ్డీయును కలిపి, బ్యాంకొక్కింటికి ఒక్కొక్కరికి అయిదు లక్షల వఱకు బీమా గలదు. మీ పదునెనిమిదివేలు అందులో పూర్తిగా ఇమిడియున్నవి."

వృద్ధురాలు ఆ మాటలను మనస్సులో గీతలు గీసికొనుచున్నట్లు వినెను. తరువాత, "మా ఇంటాయన ఆంధ్రా బ్యాంకు మాట చెప్పుచుండెడివాడు. బందరులో పుట్టిన బ్యాంకట. ఇప్పుడా పేరుపలక కనబడుట లేదు. పేరు పోయినది గదా, అందులోనివారి సొమ్మును పోయినదా?" అని అడిగెను.

"పోలేదు" అనెను ఉపాధ్యాయిని. "డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున దానిని స్థాపించిరి. 1980లో ప్రభుత్వము దానిని జాతీయము చేసినది. 2020 ఏప్రిల్ 1వ తేదిన అది యూనియన్ బ్యాంకులో కలిసినది. ఖాతాలన్నియు అట్లే ఆ బ్యాంకునకు చేరినవి. ఒక్క రూపాయి తగ్గలేదు."

"ఇంటిపేరు మాఱిన కోడలివలెనన్నమాట. పేరు మాఱినను మనిషి మనిషియే" అని వృద్ధురాలు తల యూపెను.

పిమ్మట స్టేట్ బ్యాంకు మాట వచ్చెను. దాని మూలము 1806లో కలకత్తాలో నెలకొనిన బ్యాంకు. కలకత్తా, బొంబాయి, మద్రాసులలోని మూడు బ్యాంకులు 1921లో ఏకమై ఇంపీరియల్ బ్యాంకు ఏర్పడినది. అది ప్రధానముగ పెద్ద పట్టణములకును, పెద్ద వర్తకులకును ఉపయోగపడుచుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బ్యాంకులు పల్లెలకు చేరవలెనను ఉద్దేశముతో ప్రభుత్వము దానిని తన యధీనమునకు తెచ్చెను. 1955 జూలై 1వ తేదిన అది భారతీయ స్టేట్ బ్యాంకు అయినది. అయిదేండ్లలో నాలుగువందల క్రొత్తశాఖలు తెఱువవలెనని ఆ చట్టములోనే విధించిరి. వర్తకుల కొఱకు పుట్టిన బ్యాంకు కండెలు చుట్టువారి వాకిటికి వచ్చుటకు నూటయేబది యేండ్లు పట్టెను.

వడ్డీ సంగతి వినినపుడు మాత్రము వృద్ధురాలి ముఖము చిన్నబోయెను. ఆనాడు స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాపై ఇచ్చుచున్న వడ్డీ సాలునకు నూటికి 2 రూపాయల 70 పైసలు. పదునెనిమిది వేలకు ఏడాదికి 486 రూపాయలు. "నెలకు నూటికి రెండు రూపాయలిచ్చినవాడెక్కడ, ఏడాదికి మూడు రూపాయలైన ఈయని బ్యాంకెక్కడ!" అని ఆమె నిట్టూర్చెను.

"ఆ యెక్కువ వడ్డీకి మీరు చెల్లించిన ధర ఎంతయో జ్ఞప్తికి తెచ్చుకొనుడు" అని ఉపాధ్యాయిని మెల్లగా చెప్పెను. వృద్ధురాలు కొంతసేపు మౌనము వహించి, "ఆఱువేలు" అనెను. అటుపై వడ్డీనిగూర్చి మరల అడుగలేదు. కదలింపక కొన్నియేండ్లు ఉంచదలచిన సొమ్మునకు గడువు డిపాజిట్టు వేసినచో వడ్డీ అంతకంటె ఎక్కువ వచ్చునని ఉపాధ్యాయిని తెలిపెను. తపాలా కచేరిలోని పొదుపు ఖాతాకును కొంత ఎక్కువ వడ్డీ గలదనియు, అదియు ప్రభుత్వపుదే కావున భద్రమైనదనియు దాపరికము లేక చెప్పెను. కాని కూలి చెల్లించు ఆసామి డబ్బును నేరుగ బ్యాంకు ఖాతాకు పంపెదననుచుండెను. రేపు మనుమరాలు చదువునకై ఊరు విడిచిన యెడల అక్కడకు పంపుటకును బ్యాంకే అనుకూలముగా నుండునని వృద్ధురాలు భావించెను.

అయినను ఏ బ్యాంకునందు ఖాతా తెఱువవలెనో ఆమె వెంటనే నిర్ణయింపలేదు. బట్టల సంతలో చీరను చేతితో తడవి, పోగు లెక్కించి, అంచు తిప్పి చూచి కొనునట్లు, పట్టణములోని బ్యాంకులను తానే పోయి చూచెను. మొదట ఒకచోటికి వెళ్లెను. అచ్చటివారు అడిగినదానికి బదులు చెప్పిరి గాని, ఖాతాలో ఎల్లప్పుడు కొంత మొత్తము నిలువయుండవలెననియు, తగ్గినచో రుసుము పడుననియు తెలిపిరి. స్టేట్ బ్యాంకు అట్టి నియమమును పొదుపు ఖాతాలపై 2020 మార్చిలోనే తొలగించినది. ఆ శాఖ ఆమె వారమువారము కండెలు అప్పగించుటకు పోవు త్రోవలోనే యుండెను. అచ్చటి అధికారిణి తెలుగులో ఓపికగా మాటాడెను. వృద్ధురాలు దానినే యెన్నుకొనెను. ఆమె పేరును చూచి యెన్నుకొనలేదు. త్రోవను చూచెను, నియమమును చూచెను, మాటతీరును చూచెను.

ఖాతా తెఱచుటకు మున్ను మఱియొక పని మిగిలియుండెను. వేలిముద్రతోనే ఖాతా తెఱువవచ్చునని ఉపాధ్యాయిని చెప్పియుండెను. అయితే తన తదనంతరము సొమ్ము ఎవరికి ముట్టవలెనో తెలుపు నామినేషను పత్రముపై వేలిముద్ర వేసినచో, ఇద్దఱు సాక్షులు సంతకము చేయవలెను. సంతకము చేయగలవారికి ఆ సాక్షులు అక్కఱలేదు.

"నా చేతికష్టమును నా మనుమరాలికి ఇచ్చుటకు నాకు ఇద్దఱి సాక్ష్యమా!" అని వృద్ధురాలు అనెను. ఆ రాత్రియే మనుమరాలిని పలక తెమ్మనెను.

ఆమె పేరులో మూడక్షరములు గలవు. మొదటిది రెండు రాత్రులలో వచ్చెను. రెండవదానికి మూడు రాత్రులు పట్టెను. మూడవదాని క్రిందనున్న వత్తు ఎంతకును కుదురలేదు. సన్నని నూలుపోగును తెగకుండ నడుపగలిగిన ఆ వ్రేళ్లు బలపమును త్రిప్పలేక వణకెను. "ఈ వయస్సున నాకిది రాదు తల్లీ" అని ఆమె పలక ప్రక్కకు త్రోసెను. బాలిక ఆ పలకను మరల ఆమె ఒడిలో పెట్టి, "నాయనమ్మా, అది అక్షరమనుకొనవద్దు. కండెపై పోగు చుట్టుచున్నాననుకొనుము. క్రిందినుండి చుట్టి, పైకి వచ్చి, విడిచిపెట్టుము" అనెను. వృద్ధురాలు అట్లే చుట్టెను. వత్తు వచ్చినది. పండ్రెండవ రాత్రి ఆమె ఎవ్వరి సాయము లేక తన పేరును వ్రాసి, దీపపు వెలుతురున చాలసేపు చూచుకొనెను.

మఱుసటి వారము నాయనమ్మ, కుమారుడు, మనుమరాలు బ్యాంకునకు వెళ్లిరి. ఫోటోలు తీసికొనిపోవుట మఱచిరి కావున ఆనాడు దరఖాస్తు మాత్రము తెచ్చుకొని మరలిరి. ఒక విధముగ అదియు మేలే అయ్యెను. ఇంటియొద్ద తీరికగా మనుమరాలు దరఖాస్తును మొదటినుండి చివరివఱకు చదివి వినిపించెను. తెలియని మాటలను గీత గీసి ఉంచిరి.

రెండవమాఱు వెళ్లినపుడు అధికారిణి ఆధారు కార్డును చూచి, వ్రేలిని ఒక చిన్న యంత్రముపై ఉంచుమనెను. కుడి బొటనవ్రేలిని ఉంచిరి, యంత్రము గుర్తింపలేదు. ఎడమ వ్రేలిని ఉంచిరి, గుర్తింపలేదు. చూపుడువ్రేలును అంతే. ఏండ్ల తరబడి నూలు ఒరసి ఒరసి ఆ వ్రేళ్లపై గీతలు అరిగిపోయినవి. ఆమె ఎవరో చెప్పవలసిన వ్రేళ్లే, ఆమె చేసిన పనివలన, ఆమెను చెప్పలేకపోయెను. వృద్ధురాలు బిడియపడి చేయి కొంగులో దాచుకొనెను.

"ఇందులో మీ దోషమేమియు లేదు మామ్మగారూ. పని చేసినవారి చేతులు ఇట్లే యుండును. వేఱు మార్గము గలదు" అని అధికారిణి చెప్పి, ఆమె ఓటరు కార్డును అడిగి పరిశీలించి, దాని ప్రతిని తీసికొనెను. పాన్ కార్డు లేదు గనుక దానికి బదులుగా ఫారం 60 నింపించెను. మనుమరాలు గీతగీసిన మాటలకు అర్థము చెప్పెను. ఏ.టి.యం. కార్డు, చెక్కుపుస్తకము కావలెనా యని అడిగెను. వృద్ధురాలు ఒక్కొక్కదాని ఉపయోగమును తెలిసికొని, "ఇప్పటికి పుస్తకము చాలును. తక్కినవి అవసరమైనపుడు అడిగెదను" అనెను.

ప్రక్కనున్న గుమాస్తా అలవాటుచొప్పున సిరాదిండును ఆమె ముందుకు జరిపెను. వృద్ధురాలు దానిని మెల్లగా వెనుకకు జరిపి, "కలము ఇమ్ము బాబూ" అనెను. గుమాస్తా వెంటనే లేచి, తన జేబులోని కలమును తీసి ఇచ్చెను.

ఆమె వ్రాయుచుండగా వెనుకనున్నవారు కొందఱు తొందరపడిరి. ఆమె తొందరపడలేదు. మొదటి యక్షరము, రెండవ యక్షరము, మూడవది. దాని క్రింద వత్తు, క్రిందినుండి చుట్టి పైకి. అట్లు కావలసినచోటులన్నింట వ్రాసెను. "ఇకమీదట డబ్బు తీసికొనునపుడెల్ల ఈ సంతకముతో పోల్చి చూచెదము. అది ఒకే తీరున నుండవలెను" అని అధికారిణి హెచ్చరించెను.

నామినీగా ఆమె మనుమరాలి పేరు చెప్పెను. బాలిక మైనరు గనుక, ఆమె పెద్దదగు వఱకు ఆ సొమ్మును స్వీకరించుటకు ఒక పెద్దమనిషి పేరు వ్రాయవలసియుండెను. "మా అబ్బాయి పేరు వ్రాయుడు" అని వృద్ధురాలు కుమారునివంక చూచెను. కొన్నాళ్లుగా అతని మనస్సులో నున్న చిన్న ముల్లు ఆ మాటతో ఊడిపోయెను. తల్లి తనను నమ్మక కాదు, ప్రతిదానికి దాని చోటు చూపుచున్నదని అతడు గ్రహించెను. నామినీ సొమ్మును స్వీకరించువాడే గాని, వారసుల హక్కును హరించువాడు కాడని అధికారిణి తెలిపెను. ఆనాడు ఒక్క పేరే వ్రాయుటకు వీలుండెను. 2025 నవంబరు 1వ తేదినుండి నలుగురి వఱకు వ్రాయు వీలు కలిగినది.

కడపట అధికారిణి కొన్ని జాగ్రత్తలు చెప్పెను. డబ్బు కట్టినపుడు రసీదు తీసికొనవలెను. పాసుపుస్తకములో పద్దు పడినదో లేదో చూచుకొనవలెను. రెండేండ్లు లావాదేవీలేమియు జరుపకున్నచో ఖాతా నిద్రాణమగును గనుక నడుమనడుమ కొంత వేయుచో, తీయుచో ఉండవలెను. ఫోనులో ఎవ్వరైన బ్యాంకునుండి మాటాడుచున్నామని చెప్పి రహస్యసంఖ్య గాని, ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. గాని అడిగినచో చెప్పరాదు. బ్యాంకు వానిని ఎన్నడును అడుగదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

కొన్నాళ్లకు పాసుపుస్తకము వచ్చెను. అందులో ఆమె పేరు ఆంగ్లాక్షరములలో అచ్చుపడియుండెను. ఆమెకు అవి తెలియవు. మనుమరాలు ఆ పేరుపై వ్రేలుంచి చదివి వినిపించెను. ఇంటికి వచ్చిన పిమ్మట వృద్ధురాలు ఆ పుస్తకమును పెట్టెలో పెట్టుచు, చెల్లని వేయిరూపాయల నోటు నొకదానిని దాని పుటల నడుమ ఉంచెను. "ఎందుకు నాయనమ్మా?" అని బాలిక అడిగెను. "మీ తాతయ్యకును ఇందులో చోటుండవలెను గదా!" అని ఆమె చెప్పెను.

ఆనాటినుండి ఆమె నెలకు మూడువందల రూపాయలు తప్పక కట్టుచుండెను. మూడు నెలలకొకమాఱు వడ్డీ జమయగుచుండెను. 2023లో కుమారుని ఆటో నిజముగనే చెడిపోయెను. అతడు తల్లిని అడుగుటకు సంకోచించుచుండగా, ఆమెయే బ్యాంకునకు పోయి అయిదువేలు తీసి, "ఇది అప్పు సుమా! ఇది పిల్ల చదువు సొమ్ము" అని అతని చేతబెట్టెను. అతడు నాలుగు నెలలలో ఆ అప్పును తీర్చెను. అది అతని ఖాతాలోనే యున్నచో, అప్పు అను మాటయే పుట్టియుండదు; తిరిగి వచ్చియు ఉండదు.

2025 జూన్ నాటికి ఖాతాలో ముప్పదివేల రూపాయలు దాటెను. మనుమరాలు పదవ తరగతి ఉత్తీర్ణురాలై ఇంటర్మీడియెట్‌లో చేరినది. రుసుము కట్టుటకు నాయనమ్మయు ఆమెయు బ్యాంకునకు వెళ్లిరి. వృద్ధురాలు డబ్బు తీయు కాగితముపై మొత్తమును మనుమరాలిచేత వ్రాయించి, క్రింద తాను సంతకము చేసెను. గుమాస్తా దానిని పాత సంతకముతో పోల్చి చూచి, ఏమియు అనక డబ్బు లెక్కించి ఇచ్చెను. వెలుపలికి వచ్చిన పిమ్మట ఆమె మనుమరాలిని, "వాడు ఏమియు అనలేదేమి?" అని అడిగెను. "సంతకము సరిపోయినది నాయనమ్మా, అనుటకేమున్నది?" అని బాలిక చెప్పెను. వృద్ధురాలు మెట్లు దిగుచు తనలో తాను నవ్వుకొనెను.

పొదుపు అనగా ఖర్చు తగ్గించుట మాత్రమే కాదు. మిగిల్చినదానిని ఎక్కడ, ఎవరి పేర, ఏ నియమముపై ఉంచితిమో తెలిసియుండుటయు పొదుపే. కన్నులు మూసికొని నమ్మినవాడును, ఎవ్వరిని నమ్మక మూటగట్టినవాడును తుదకు ఒకే తీరున నష్టపోవుదురు. అడిగి తెలిసికొని నమ్మినదే నిలుచును. బాలబాలికలు తమ యింటిలోని పెద్దలు ఎక్కడ సొమ్ము దాచుకొనుచున్నారో, ఏమి వ్రాసి యిచ్చుచున్నారో విచారింపవలెను. చదువురానివారికి చదివి వినిపింపవలెను. తాము నేర్చిన అక్షరములలో కొన్నింటిని వారికిని పంచియిచ్చినచో, ఆ చదువు ఇంటికి వెలుగగును.